ఆర్క్ వెల్డింగ్ మెషిన్ సెట్టింగ్: వోల్టులు ఎక్కడ ఖర్చవుతున్నాయి?

అందరికీ నమస్కారం. ఈ గంటలో మెషిన్ లోపలి ఎలక్ట్రానిక్స్ జోలికి పెద్దగా పోను. హోల్డర్ పట్టుకునేవాళ్లకు, పక్కన నిలబడి నాబ్ తిప్పేవాళ్లకు, మెషిన్ మొరాయించినప్పుడు పిలుపు అందుకునే మెయింటెనెన్స్ వాళ్లకు పనికొచ్చే సంగతులే చెబుతాను. మధ్యలో అనుమానం వస్తే ఆపి అడగండి, చివరిదాకా ఆగక్కర్లేదు.

షాపుల్లో తరచూ వినపడే మాటతో మొదలుపెడదాం. "కేబుల్ పొడుగైపోయింది, దార్లో యాంప్స్ పడిపోయాయి" అంటుంటారు. దార్లో యాంప్స్, అంటే కరెంటు, పడిపోవు. మెషిన్ ప్లస్ నుంచి బయల్దేరిన కరెంటు రాడ్‌ని పట్టుకునే హోల్డర్, కరిగే రాడ్, దాని మొన దగ్గరి ఆర్క్, వెల్డ్ చేసే జాబ్, జాబ్‌కి బిగించే ఎర్త్ క్లాంప్ మీదుగా తిరిగి మైనస్‌కి చేరాలి. ఇదంతా ఒకే చుట్టు. ఈ చుట్టులో ఎక్కడ టాంగ్ టెస్టర్ (కేబుల్ చుట్టూ దవడలు మూసి కరెంటు కొలిచే మీటరు) పెట్టినా అదే అంకె చూపిస్తుంది. దార్లో ఖర్చయ్యేది వోల్టేజీ. ఈ ఒక్క సంగతి బుర్రలో ఉంటే మెషిన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మెషిన్ బయటే దొరుకుతుంది.

ముందు నేమ్‌ప్లేటు చూద్దాం. దాని మీద పెయింట్ పడితే తుడవండి, చదవడానికే అది ఉంది. యూ-జీరో అని ఉండేది ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, అంటే ఆర్క్ లేనప్పుడు టెర్మినల్స్ మధ్య ఉండేది. రాడ్ మెషిన్లలో ఇది సాధారణంగా 60 నుంచి 90 వోల్టుల మధ్య ఉంటుంది. ఆర్క్ వెలిగాక 20 నుంచి 30కి దిగుతుంది. చతురస్రంలో ఎస్ అక్షరం ఉంటే, ట్యాంకు లోపల, తడి చోట, చుట్టూ ఇనుమే ఉన్న ఇరుకు చోట వాడటానికి ఆ మెషిన్ సరిపోతుందని అర్థం. అలాంటి చోట ఏసీ మెషిన్‌కి అంతర్జాతీయ ప్రమాణం ఇచ్చే హద్దు 48 వోల్టులు. 80 వోల్టుల పాత ఏసీ ట్రాన్స్‌ఫార్మర్‌ని ట్యాంకు లోపలి పనికి పెట్టకూడదనేది అందుకే. వోల్టేజీ తగ్గించే పరికరం (వీఆర్‌డీ) ఉన్న మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ వోల్టేజీని 35 కంటే కిందికి దించి ఉంచుతుంది, రాడ్ తగిలిన క్షణంలో మళ్లీ లేపుతుంది. దీనివల్ల స్ట్రైకింగ్, అంటే ఆర్క్ వెలిగించడం, కాస్త బద్ధకంగా అనిపిస్తుంది. ఆ చిరాకుతో వీఆర్‌డీని తీసేయించేవాళ్లున్నారు. ట్యాంకు పని చేసే షాపులో ఆ పని చేయించకండి.

తర్వాత డ్యూటీ సైకిల్, అంటే మెషిన్ వేడెక్కిపోకుండా ఎంతసేపు ఆర్క్ నడపొచ్చో చెప్పే శాతం. ఎక్కువ మంది తప్పుగా చదివేది ఇదే. 400 యాంప్స్, 60 శాతం అని ఉంటే గంటలో 36 నిమిషాలు ఆపకుండా కొట్టొచ్చని కాదు. లెక్క 10 నిమిషాలకు. అందులో 6 నిమిషాలు ఆర్క్, 4 నిమిషాలు విరామం, అది కూడా 40 డిగ్రీల సెల్సియస్ గాలిలో. కరెంటు తగ్గితే విరామమూ తగ్గుతుంది, కానీ ఆ లెక్క వర్గంతో నడుస్తుంది. అదే మెషిన్‌ని 350 యాంప్స్ మీద నడిపితే 400ని 350తో భాగించి, వర్గం చేసి, 60తో హెచ్చించండి, 78 శాతం వస్తుంది. ఆపకుండా నడపాలంటే 310 యాంప్స్ దాటకూడదు. రాడ్ మార్చుకోవడం, స్లాగ్ (వెల్డ్ మీద గడ్డకట్టిన పెంకు) కొట్టడం ఉంటాయి కాబట్టి చేతిపనిలో విరామం దానంతటదే దొరుకుతుంది. ట్రాలీ మీద గన్ పెట్టి మీటర్ల కొద్దీ సీమ్ లాగేటప్పుడు ఆ విరామం ఉండదు. అక్కడ చూడాల్సింది 100 శాతం గడిలోని అంకె.

హీట్ ఎక్కువై పసుపు లైటు వెలిగితే మెయిన్ స్విచ్ కట్టేయడం చాలామందికి అలవాటు. అలా చేస్తే ఫ్యాన్ కూడా ఆగిపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. ఆర్క్ ఆపండి, మెషిన్‌ని ఆన్‌లోనే వదలండి, లైటు దానంతటదే ఆరిపోతుంది.

ఇప్పుడు మెషిన్ స్వభావం సంగతి. రాడ్ మెషిన్, టిగ్ మెషిన్ (కరగని టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ వేసేది) కరెంటుని పట్టి ఉంచుతాయి. వెల్డర్ చేయి కాస్త వణికి ఆర్క్ పొడుగైతే వోల్టేజీ రెండు మూడు పెరుగుతుంది, కరెంటు నాలుగైదు యాంప్స్ మాత్రమే కదులుతుంది. చేతిపనికి కావలసింది అదే. మిగ్ మెషిన్ (గన్‌లోంచి వైరుని ఆపకుండా తోసి కరిగించేది) దీనికి తిరగేసి, వోల్టేజీని పట్టి ఉంచుతుంది, కరెంటుని వదిలేస్తుంది. ఆర్క్ పొడుగైతే కరెంటు గబుక్కున పడిపోతుంది, వైరు కరగడం నెమ్మదిస్తుంది, రోలర్ మాత్రం అదే వేగంతో తోస్తూనే ఉంటుంది, దాంతో ఆర్క్ మళ్లీ మామూలు పొడవుకి వస్తుంది. ఈ సర్దుబాటుకి సెకనులో చిన్న వంతు చాలు, మన చేయి ఏమీ చేయక్కర్లేదు. అందుకే కరెంటుని పట్టి ఉంచే రాడ్ మెషిన్‌కి మామూలు వైర్ ఫీడర్ తగిలిస్తే నడవదు. వైరు ఒకసారి ప్లేటుని గుద్దుకుంటుంది, మరోసారి గన్ మొనలోని టిప్ దాకా కాలిపోతుంది.

కేబుల్ దగ్గరికొద్దాం. ఇక్కడ కాసేపు నిలబడతాను, ఎందుకంటే డబ్బు, నాణ్యత రెండూ ఇక్కడే కారిపోతున్నాయి.

50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ అనుకోండి. హోల్డర్ వైపు 30 మీటర్లు, ఎర్త్ వైపు 30 మీటర్లు, మొత్తం 60. మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు రాగి రెసిస్టెన్స్ 0.0175 ఓమ్. 60తో హెచ్చించి 50తో భాగిస్తే 0.021 ఓమ్. 200 యాంప్స్ పారితే 4.2 వోల్టులు కేబుల్‌లోనే పోతాయి. కేబుల్ వేడెక్కి 65 డిగ్రీలకు చేరితే రెసిస్టెన్స్ ఇంకో 18 శాతం పెరుగుతుంది, అప్పుడు 5 వోల్టులు. అంటే ఒక కిలోవాట్ హీటర్ నేల మీద పరిచినట్టే. 70 స్క్వేర్ కేబుల్ వేస్తే 3 వోల్టులు, 95 వేస్తే 2.2 వోల్టులు.

ఈ 5 వోల్టులు పోతే పనిలో ఏం తేడా వస్తుంది? మెషిన్‌ని బట్టి ఉంటుంది. రాడ్ కొట్టే ఇన్వర్టర్ (ఎలక్ట్రానిక్ మెషిన్) అయితే 200 యాంప్స్ దగ్గర ఆర్క్‌కి సుమారు 28 వోల్టులు కావాలి. కేబుల్‌కి 5 పోతే మెషిన్ 33 ఇస్తుంది, కరెంటు 200 లోనే నిలబడుతుంది. వెల్డర్‌కి పెద్దగా తెలియదు. కానీ మెయిన్ సప్లై పడిపోయిన వేళ మెషిన్ దగ్గర వోల్టేజీ నిల్వ తక్కువ ఉంటుంది, అప్పుడు ఆర్క్ కాస్త పొడుగు లాగితే చాలు, ఆరిపోతుంది. ఇంకొకటి, పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్‌లో మొత్తం చుట్టులో రెసిస్టెన్స్ పెరిగేసరికి కరెంటు కొంత తగ్గుతుంది. "దార్లో యాంప్స్ పడిపోయాయి" అనే మాట పుట్టింది అక్కడే. తగ్గడం దార్లో కాదు, మెషిన్ దగ్గరి నుంచే తక్కువ బయల్దేరుతుంది.

మిగ్‌లో అయితే కథే వేరు. మీరు ప్యానెల్ మీద 21 పెట్టారు, దార్లో 4 పోయాయి, ఆర్క్‌కి మిగిలింది 17. మెషిన్‌కి ఈ సంగతి తెలియదు, తన టెర్మినల్స్ దగ్గర 21 ఉంటే చాలనుకుంటుంది. వైరు ప్లేటుని గుద్దుతుంటే వెల్డర్ వోల్టేజీ 25కి పెంచుతాడు, బాగానే నడుస్తుంది. రేపు ఇంకొకరు అదే 25ని డైరీలోంచి తీసి 5 మీటర్ల కేబుల్ మీద పెడితే అండర్‌కట్ (వెల్డ్ అంచు వెంట ప్లేటులో గాడి) పడుతుంది. అందుకని సెట్టింగ్ రాసుకునేటప్పుడు కేబుల్ పొడవు, సైజు కూడా రాయండి. ఫీడర్ దగ్గర వోల్టేజీని కొలిచే సెన్స్ వైరు ఉన్న మెషిన్లలో ఈ బాధ తక్కువ. ఆ సన్నటి వైరు తెగిపోతే మాత్రం వోల్టేజీ ఇష్టం వచ్చినట్టు పోతుంది.

ఇక ఎర్త్ క్లాంప్. రంగు మీద, తుప్పు మీద, స్కేల్ మీద పట్టించిన క్లాంప్ దగ్గర 0.005 ఓమ్ ఉందనుకోండి. 200 యాంప్స్ దగ్గర ఒక్క వోల్టే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒక వోల్టు 200 వాట్ల వేడిగా మారేది నాణెమంత చోట. స్ప్రింగ్ మెత్తబడుతుంది, పట్టు ఇంకా సడలుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి మల్టీమీటర్ చాలు. డీసీ వోల్ట్ మీద పెట్టి ఒక క్లిప్ క్లాంప్ లగ్‌కి (కేబుల్ చివర బిగించిన లోహపు ముక్కకి), రెండోది గ్రైండ్ చేసిన జాబ్ మీద, క్లాంప్‌కి పక్కనే తగిలించండి. క్లిప్పులు ఆర్క్ వెలిగించకముందే బిగించాలి, వెలుగుతుండగా చేత్తో పట్టుకోవద్దు. ఇప్పుడు ఒకరిని 150 యాంప్స్ మీద రాడ్ కొట్టమనండి. మీటరు 0.1 వోల్టు లోపల చూపిస్తే క్లాంప్ బాగుంది. 0.3 దాటితే విప్పి శుభ్రం చేయండి. ఇలాగే ఒక్కో జాయింట్ మీద, లగ్‌కి కేబుల్‌కి మధ్య, మేల్ ఫిమేల్ కనెక్టర్‌కి అటూ ఇటూ కొలుచుకుంటూ పోతే దొంగ ఎక్కడున్నాడో పది నిమిషాల్లో తేలిపోతుంది. ఒక్క హెచ్చరిక. హై ఫ్రీక్వెన్సీ స్టార్ట్ ఉన్న టిగ్ మీద ఈ పని చేయకండి, మీటరు కాలిపోతుంది.

ఇంకో ముఖ్యమైన తేడా. ఎర్త్ క్లాంప్ వేరు, మెషిన్ బాడీకి ఇచ్చే ప్రొటెక్షన్ ఎర్త్ వేరు. రెండిటినీ ఎర్త్ అనే పిలవడం వల్ల చాలా తికమక వస్తుంది. క్లాంప్ సరిగా పట్టకపోతే వెల్డింగ్ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. జాబ్ క్రేన్ గొలుసుకి వేలాడుతుంటే గొలుసులోంచి, షాఫ్ట్ మీద వెల్డ్ చేస్తుంటే బేరింగ్‌లోంచి, ఒక్కోసారి పక్క మెషిన్ ప్రొటెక్షన్ ఎర్త్ వైరులోంచి పోతుంది. బేరింగ్ బాల్స్ మీద చిన్న చిన్న గుంటలు పడతాయి, అప్పటికి ఏమీ తెలియదు, కొన్ని వారాల తర్వాత మోత మొదలవుతుంది. ప్రొటెక్షన్ ఎర్త్ వైరు అంత కరెంటుకి వేసింది కాదు కాబట్టి అది కాలిపోతుంది, ఆపైన మెషిన్ బాడీకి రక్షణే ఉండదు. అందుకని క్లాంప్ జాయింట్‌కి వీలైనంత దగ్గరగా, జాయింట్ ఉన్న ముక్కకే పట్టించండి. తిరిగే జాబ్ అయితే రోటరీ ఎర్త్ బ్రష్ పెట్టండి.

*సభలో ఒకరు: సార్, మిగిలిన కేబుల్‌ని చుట్ట చుట్టి పక్కన పెడితే నష్టమా?*

నష్టమే. ఒకటి, చుట్టలో వేడి బయటికి పోదు, ఇన్సులేషన్ మెత్తబడుతుంది. రెండు, చుట్ట కాయిల్ లాగా పని చేస్తుంది. నిలకడైన డీసీకి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. ఏసీ మీద, కరెంటుని క్షణక్షణం పెంచి తగ్గించే పల్స్ మిగ్ మీద కరెంటు పెరగాల్సిన వేగానికి పెరగదు, పల్స్ ఆకారమే చెడిపోతుంది. ఇనుప స్టాండుకి చుట్టితే ఇంకా ఘోరం. తప్పనిసరైతే వెళ్లే కేబుల్, వచ్చే కేబుల్ రెండూ కలిపి ఎనిమిది అంకె ఆకారంలో పరచండి.

సరే, రాడ్ దగ్గరికి వద్దాం. మొదటి అంచనాకి మిల్లీమీటరుకి 40 యాంప్స్ అనేది పాత లెక్క, ఇప్పటికీ పనికొస్తుంది. 3.15 మిల్లీమీటర్ల రాడ్‌కి 126 వస్తుంది. అసలు హద్దు రాడ్ ప్యాకెట్ మీదే ఉంటుంది. రాడ్ రకాన్ని నంబరుతో చెబుతారు. 6013 రకం 3.15కి సుమారు 90 నుంచి 130, 7018 రకానికి సుమారు 100 నుంచి 140. ఫ్లాట్ పొజిషన్‌లో మధ్య నుంచి పైకి, వర్టికల్ కింది నుంచి పైకి పోయేటప్పుడు ఫ్లాట్ కంటే 10 నుంచి 15 శాతం తక్కువ. జాబ్ మీద ప్రయోగాలు వద్దు. అదే మందం తుక్కు ముక్క మీద సగం రాడ్ కాల్చి చూడండి.

ఆ సగం రాడ్‌లో ఏం చూడాలి? కరెంటు తక్కువైతే రాడ్ అతుక్కుంటుంది, బీడ్ (కరిగి గడ్డకట్టిన వెల్డ్ గీత) ఉబ్బెత్తుగా ప్లేటు మీద కూర్చుంటుంది, అంచులు లోహంలో కలవవు, స్లాగ్ కరిగిన లోహపు గుంటలోకి ముందుకు ఉరుకుతుంటుంది. ఎక్కువైతే బీడ్ మీది అలలు గుండ్రంగా కాకుండా కోసుగా సాగుతాయి, అంచుల వెంట అండర్‌కట్ పడుతుంది, చివరి గుంట లోతుగా ఉంటుంది. కానీ నా లెక్కలో అన్నిటికంటే నమ్మకమైన గుర్తు రాడ్ చివరి మూడో వంతు. హోల్డర్ వైపు కోర్ వైరు ఎర్రబడి, పూత పెచ్చులూడుతుంటే కరెంటు ఆ రాడ్ మోయగలిగినదాన్ని దాటింది. బీడ్ మొదట్లో ఎంత అందంగా వచ్చినా లెక్క కాదు, పూత పోయాక కరిగిన లోహానికి రక్షణ లేదు. నాబ్ ఒక 5 యాంప్స్ తగ్గించి, కొత్త రాడ్‌తో మళ్లీ చూడండి. రాడ్ 50 మిల్లీమీటర్లకు అరిగాక పారేయండి, హోల్డర్ దాకా కాలిస్తే మిగిలే దానికంటే హోల్డర్ దవడ ఖరీదెక్కువ.

7018 కొట్టేచోట కరెంటు కంటే ముందు తడి సంగతి చూడాలి. డబ్బా తెరిచి గాలిలో పెట్టిన 7018 లాంటి లో హైడ్రోజన్ (హైడ్రోజన్ తక్కువ వచ్చే) రాడ్ నీటి ఆవిరిని పీల్చుకుంటుంది, ఆ హైడ్రోజన్ వెల్డ్ పక్కన గట్టిపడిన చోట చేరి, గంటల తర్వాత, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల తర్వాత పగులు తెస్తుంది. 300 నుంచి 350 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు బేక్ చేసి, 120 నుంచి 150 డిగ్రీల హోల్డింగ్ ఓవెన్‌లో ఉంచి, అక్కడి నుంచి చేతి క్వివర్‌లోకి (రాడ్లని వేడిగా ఉంచే చిన్న డబ్బాలోకి) తీసుకోండి. తయారీదారు ఇచ్చిన అంకె వేరుగా ఉంటే అదే పాటించండి. 6010 లాంటి సెల్యులోజ్ రాడ్‌కి మాత్రం ఈ వైద్యం చేయకండి, దానికి కొంత తడి ఉండాలి, బేక్ చేస్తే పనికిరాకుండా పోతుంది.

ఇన్వర్టర్ మీద ఇంకో రెండు నాబ్‌లుంటాయి, వాటిని సున్నా దగ్గరో ఫుల్ దగ్గరో వదిలేసి ఉండటమే ఎక్కువగా కనిపిస్తుంది. హాట్ స్టార్ట్ అంటే స్ట్రైక్ చేసిన మొదటి సెకను లోపు కరెంటు కొంత పెంచి ఇవ్వడం. మందం ప్లేటుకి, చల్లటి జాబ్‌కి పెంచండి. రెండు మిల్లీమీటర్ల షీట్‌కి అదే ఉంచితే మొదట్లోనే చిల్లు పడుతుంది. ఆర్క్ ఫోర్స్ అంటే రాడ్ గుంటకి మరీ దగ్గరై వోల్టేజీ బాగా పడిపోయినప్పుడు అతుక్కోకుండా కరెంటుని ఎగదోయడం. 7018ని దగ్గరగా పట్టి నడుపుతాం కాబట్టి దానికి మధ్యస్థంగా ఉండాలి. 6013కి ఎక్కువ పెడితే వచ్చేది స్పాటర్ (చుట్టూ చిందే లోహపు చుక్కలు) ఒక్కటే.

పోలారిటీ గురించి రెండు మాటలు చాలు. 7018కి డీసీలో రాడ్ ప్లస్. టిగ్‌కి టంగ్‌స్టన్ మైనస్, పొరపాటున ప్లస్‌కి తగిలిస్తే మొన కరిగి ఉండ కడుతుంది. మిగ్ సాలిడ్ వైరుకి గన్ ప్లస్, లోపల ఫ్లక్స్ పొడి నింపిన, గ్యాస్ లేకుండా వాడే ఫ్లక్స్ కోర్డ్ వైర్లలో చాలావాటికి గన్ మైనస్. ఆ రీలు ఎక్కించి టెర్మినల్స్ మార్చడం మరిచిపోతే స్పాటర్, రంధ్రాలు చూసి వైరు బాగోలేదంటారు.

డీసీలో మూలల దగ్గర, ప్లేటు చివర ఆర్క్ పక్కకి ఈడ్చుకుపోతుంటే అది ఆర్క్ బ్లో. అయస్కాంత క్షేత్రం పని అది, నాబ్ తిప్పితే పోదు. ఆర్క్ పొట్టిగా పట్టండి, కరెంటు కొంచెం తగ్గించండి, ఎర్త్ క్లాంప్ చోటు మార్చండి లేదా రెండు చివరలా రెండు క్లాంపులు పెట్టండి. ఏసీ ఉంటే దానికి మారడమే తేలిక, అయితే రాడ్ కూడా ఏసీకి సరిపోయేదై ఉండాలి.

ఇప్పుడు మిగ్. ఇందులో యాంప్స్ నాబ్ అని రాసి ఉన్నా నిజానికి అది వైరు వేగం. కరెంటు మీరు పెట్టేది కాదు, ఆ వైరుని కరిగించడానికి ఎంత కావాలో అంత మెషిన్ ఇస్తుంది. 1.2 మిల్లీమీటర్ల స్టీల్ వైరుకి నిమిషానికి మూడున్నర మీటర్ల దగ్గర సుమారు 140 యాంప్స్ అనుకోండి. మొదటి వోల్టేజీకి 14కి కరెంటులో 20వ వంతు కలపండి. 140 యాంప్స్‌కి 7 కలిస్తే 21 వోల్టులు. 250కి 26.5. ఇది కార్బన్ డయాక్సైడ్‌కి దగ్గరగా ఉంటుంది, ఆర్గాన్ మిశ్రమానికి రెండు మూడు వోల్టులు తగ్గించి మొదలుపెట్టండి.

వైరు వేగం ఫీడర్ అంకెని నమ్మి వదిలేయకుండా కొలవండి. వైరుని టిప్ అంచుకి కత్తిరించి, గన్‌ని జాబ్‌కి, మనుషులకి దూరంగా పట్టుకుని ఆరు సెకన్లు ట్రిగ్గర్ నొక్కండి. బయటికి వచ్చిన వైరు 35 సెంటీమీటర్లుంటే, పదితో హెచ్చిస్తే మూడున్నర మీటర్లు. ఇంచింగ్ బటన్ (ఆర్క్ లేకుండా వైరుని మాత్రం తోసేది) నొక్కి కొలవకండి, చాలా మెషిన్లలో దాని వేగం వేరు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు వైరులో వోల్టేజీ ఉంటుందని మరువకండి. ఆర్క్ పడేదాకా నెమ్మదిగా తోసే స్లో స్టార్ట్ ఉంటే కొలిచేటప్పుడు దాన్ని ఆపేయండి, లేకపోతే అంకె తప్పు వస్తుంది. ఇలా ఒకే సెట్టింగ్ మీద గన్ కేబుల్ నిటారుగా పెట్టి ఒకసారి, వంపులు తిప్పి ఒకసారి కొలవండి. రెండిటికీ తేడా వస్తే లైనర్‌లో (గన్ కేబుల్ లోపల వైరు నడిచే గొట్టంలో) రాగి పొడి పేరుకుంది, లేదా రోలర్ జారుతోంది.

వోల్టేజీ సర్దేది చెవితో. షార్ట్ సర్క్యూట్ పద్ధతిలో వైరు మొన సెకనుకి పదుల సార్ల నుంచి వంద, అంతకుమించి గుంటని తాకి తెగుతుంటుంది. సరిగ్గా ఉన్నప్పుడు కొత్త బట్ట చించినట్టు ఎడతెగని సద్దు వస్తుంది. వోల్టేజీ తక్కువైతే ఠపఠపమని తెగిపోతూ గన్ చేతిని వెనక్కి తోస్తుంది, కరగని వైరు ముక్కలు బీడ్ పక్కన గుచ్చుకుని నిలబడతాయి. ఎక్కువైతే చప్పుడు బుసగా మారుతుంది, వైరు మొన దగ్గర పెద్ద ఉండ ఊగుతుంటుంది, బీడ్ వెడల్పుగా పరుచుకుంటుంది. అర వోల్టు చొప్పున జరపండి. వైరు వేగం, వోల్టేజీ రెండూ ఒకేసారి తిప్పితే ఏది మార్చింది ఏ పని చేసిందో ఎవరూ చెప్పలేరు.

ఆ రెండూ కుదిరాకే ఇండక్టెన్స్ ముట్టుకోండి. షార్ట్ అయిన క్షణంలో కరెంటు ఎంత వేగంగా ఎగబాకాలో అది నిర్ణయిస్తుంది. తగ్గిస్తే ఆర్క్ కరకుగా, స్పాటర్ ఎక్కువగా ఉంటుంది. పెంచితే గుంట మెత్తగా పారుతుంది, అంచులు బాగా తడుస్తాయి. మరీ పెంచితే స్టార్టింగ్ మొండికేస్తుంది, వైరు తాకి నిలబడి నెమ్మదిగా కరుగుతుంది.

స్టిక్ అవుట్, అంటే టిప్ నుంచి ఆర్క్ దాకా బయట కనిపించే వైరు, 1.2 వైరుకి షార్ట్ సర్క్యూట్‌లో 12 నుంచి 15 మిల్లీమీటర్లు. వెల్డర్ గన్‌ని 25 దాకా ఎత్తితే ఆ వైరు ముక్కే రెసిస్టెన్స్‌గా మారి ముందే వేడెక్కుతుంది, కరిగించడానికి తక్కువ కరెంటు చాలు, పదుల యాంప్స్ తగ్గిపోతాయి. బీడ్ పైకి బాగానే కనిపిస్తుంది, కింద ఫ్యూజన్ (లోహాలు కరిగి కలవడం) ఉండదు. ఇది కూడా వోల్టులు ఆర్క్‌కి చేరకముందే ఖర్చవడమే.

రోలర్ల సంగతి. సాలిడ్ స్టీల్‌కి వీ గాడి, అల్యూమినియంకి యూ గాడి, ఫ్లక్స్ కోర్డ్‌కి పళ్ల గాడి. గాడి మీద అంకె వైరు సైజుతో సరిపోవాలి. ప్రెజర్ ఎక్కువ బిగించడమే సాధారణంగా జరిగే తప్పు. వైరు నలిగి, రాగి పూత రాలి, లైనర్ నిండుతుంది. చేతికి తొడుగు వేసుకుని, టిప్ దాటి వచ్చే వైరుని వేళ్లతో కాస్త అడ్డగిస్తే రోలర్ జారాలి. అంతకంటే బిగువు అక్కర్లేదు. టిప్ రంధ్రం కోలగా అరిగితే వైరుకి కరెంటు అందే చోటు క్షణక్షణం మారుతుంది, ఆర్క్ ఊగిసలాడుతుంది. టిప్ మార్చకుండా వోల్టేజీ సర్దుతూ పోయేవాళ్లకి ఆ రోజంతా అదే పని.

గ్యాస్ నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు చాలు. రంధ్రాలు పడుతున్నాయని 25కి పెంచితే గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది, రంధ్రాలు పెరుగుతాయి. కొలిచేది సిలిండర్ దగ్గర కాదు, నాజిల్ మొనకి చేతి ఫ్లోమీటర్ పెట్టి. సిలిండర్ దగ్గర 15 ఉండి నాజిల్ దగ్గర 9 వస్తే గన్ కనెక్టర్ ఓ-రింగ్‌ని, గొట్టం క్లిప్పులని చూడండి.

*సభలో ఒకరు: మూడు ఫేజుల మెషిన్ ఒక్కసారిగా బలం తగ్గి గుర్రుమంటుంది. కొలిస్తే మూడు ఫేజులూ ఉన్నాయి.*

ఖాళీగా ఉన్నప్పుడు కొలిచి ఉంటారు. ఒక ఫ్యూజు పోయినా ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌ల మీదుగా ఆ టెర్మినల్‌కి వోల్టేజీ తిరిగి వస్తుంది, మీటరు దాన్ని చూపిస్తుంది. ఆర్క్ వెలుగుతుండగా ప్రతి లైనులో టాంగ్ టెస్టర్ పెట్టి కరెంటు చూడండి. ఒక లైనులో సున్నా ఉంటే ఫ్యూజో, కాంటాక్టరో, ప్లగ్ పిన్నో. ఫ్యాన్ కూడా మూడు ఫేజులదైతే, కనెక్షన్ మార్చిన ప్రతిసారీ గాలి బాణం గుర్తు వైపే వస్తోందా చూడండి. రెండు ఫేజులు తారుమారైతే మెషిన్ పని చేస్తుంది, ఫ్యాన్ ఎదురు తిరుగుతుంది, థర్మల్ ట్రిప్ మాటిమాటికీ పడుతుంది.

దుమ్ము దులపడం గురించి అడుగుతారని తెలుసు. ప్లగ్ తీసేసి, ఇన్వర్టర్ అయితే మాన్యువల్‌లో ఇచ్చినంత సేపు ఆగి, కెపాసిటర్ల మీద వోల్టేజీ దిగిందని మీటరుతో చూసుకుని, అప్పుడు మూత తీయండి. తడి లేని గాలిని తక్కువ ప్రెజర్‌తో, సర్క్యూట్ బోర్డులకి దూరం నుంచి ఊదండి. మామూలు దుమ్ము కంటే గ్రైండింగ్ దుమ్ము ప్రమాదం, అది ఇనుము, కరెంటుని మోస్తుంది. గ్రైండర్ రవ్వలు మెషిన్ గాలి లోపలికి పీల్చే వైపు పడకుండా మెషిన్‌ని తిప్పి పెట్టండి.

*సభలో ఒకరు: డిస్‌ప్లే 150 చూపిస్తోంది, టాంగ్ టెస్టర్ 135 అంటోంది. ఏది నమ్మాలి?*

ముందు ఆ డిస్‌ప్లే ఏం చూపిస్తోందో తేల్చుకోండి. ఆర్క్ లేనప్పుడు కనిపించేది మీరు పెట్టిన అంకె, ఆర్క్ ఉన్నప్పుడు కనిపించేది నిజంగా పారే కరెంటు. ఆర్క్ ఆగాక కొన్ని సెకన్లు చివరి విలువ నిలిచి ఉంటుంది. తర్వాత టెస్టర్ డీసీని కొలిచేదేనా చూడండి, ఏసీ మాత్రమే కొలిచే దానికి డీసీ కనపడదు. డీసీ టెస్టర్‌ని కేబుల్‌కి పెట్టే ముందు సున్నా చేయాలి, కేబుల్ దవడల మధ్యలో ఉండాలి, పక్క కేబుల్ దూరంగా ఉండాలి. రాడ్ ఆర్క్‌లో అంకె ఎగిరి పడుతుంటుంది కాబట్టి వీలైతే లోడ్ బ్యాంకు (ఆర్క్‌కి బదులు నిలకడగా కరెంటు తీసుకునే రెసిస్టెన్స్‌ల పెట్టె) మీద పోల్చండి. ఇవన్నీ చేశాక కూడా ఆ తేడా ఉంటే బోర్డు మీది చిన్న స్క్రూలు తిప్పేయకండి. షంట్ (కరెంటు కొలవడానికి పెట్టిన చిన్న రెసిస్టెన్స్) దగ్గరికి పోయే రెండు సన్నటి వైర్ల స్క్రూలు వదులయ్యాయేమో చూసి, బిగించి, మళ్లీ కొలవండి.